సుశీల్ కుమార్ ఆదివారం అలారం

సుశీల్ కుమార్ చేసిన చివరి పని, ఫోనును ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెట్టడం. స్నానానికి పోయే ముందు రోజూ చేసే పనే అది. గ్లాసులో పెడితే ఫోను మోత చర్చి గంటంత గట్టిగా వినపడుతుందని అతని నమ్మకం. ఆ గురువారం పొద్దున కూడా వంటింటి గట్టు మీద పోపుల డబ్బా పక్కన గ్లాసు పెట్టి, అందులోకి ఫోను దించి, తువాలు భుజాన వేసుకుని, "కుమారీ, మోగితే కేకెయ్యి" అన్నాడు.

"మోగకపోతే కేకేస్తాలే. అదీ వింత" అంది ఆనందకుమారి, దోసె తిప్పుతూ.

ఫోను మోగలేదు. పెట్టిన దోసెలు చల్లారిపోయాయి. ఆమె పోయి స్నానాలగది తలుపు తట్టినప్పుడు లోపలి నుంచి కొళాయి చప్పుడు తప్ప మరేమీ రాలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఏది ఆగినా పరిగెత్తుకుంటూ పోయి నడిపించిన మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం ఎవరినీ పిలవకుండా వెళ్లిపోయాడు.

బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక రొయ్య పిల్లల హ్యాచరీలో అతను ఎలక్ట్రీషియను. హ్యాచరీ అంటే తొట్లు. తొట్ల నిండా కంటికి ఆనీ ఆనని రొయ్య పిల్లలు. వాటికి రేయింబవళ్లు గాలి అందుతూ ఉండాలి. ఆ గాలిని గొట్టాల్లోకి తోసే యంత్రాన్ని బ్లోయరంటారు. అది ఆగితే పిల్లలు కాసేపు ఓర్చుకుంటాయి, ఆ తర్వాత ఓర్చుకోవు. ఒకసారి అట్లాగే ఒక తొట్టి మొత్తం పోయింది. అడుగున మీగడలా పేరుకున్న పిల్లల్ని చూసి ఓనరు హజరత్తయ్య రెండు రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు తిని, అలారం సాఫ్ట్‌వేర్ కొన్నాడు.

గాలి గొట్టంలో ఒత్తిడి తగ్గగానే ఆ సాఫ్ట్‌వేర్ ఫోను చేస్తుంది. ఎత్తితే ఒక అమ్మాయి గొంతు ఇంగ్లీషులో సంగతి చెప్పి, చూసుకుంటానని ఒప్పుకునేవాళ్లు నాలుగు నొక్కాలంటుంది. నొక్కకపోతే తర్వాతి మనిషికి చేస్తుంది, ఆ తర్వాత ఇంకొకరికి. ఎవరో ఒకరు నాలుగు నొక్కేదాకా దానికి మనశ్శాంతి ఉండదు. మొట్టమొదట ఎవరికి చేయాలని అడిగినప్పుడు హ్యాచరీలో అందరూ సుశీల్ కుమార్ వైపు చూశారు. అలా ఎక్కిన పేరు అలాగే ఉండిపోయింది. డ్యూటీ ఎవరిదైనా ఫోను మాత్రం అతనికే. కావలిలో గడ్డం సగం గీయించుకుని, మిగతా సగం నురగతోనే మోపెడ్ మీద తిరిగొచ్చిన రోజు కూడా ఉంది.

"నన్నెందుకు చేసుకున్నావయ్యా, ఆ ఫోనునే చేసుకుని ఉండకూడదా" అనేది ఆనందకుమారి.

"అప్పటికి అది పుట్టలేదు గదా కుమారీ" అనేవాడు.

ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ ఒడ్డుకు పోయి, పడవల నీడన కూర్చుని వేరుశనక్కాయలు తినాలి. చీకటి పడేదాకా కూర్చోవాలి. మధ్యలో ఎవరూ పిలవకూడదు. సముద్రం ఆ ఇంటికి ఎంత దగ్గరంటే, దండెం మీద ఆరేసిన చీరలు ఉప్పెక్కుతాయి. పెళ్లయిన కొత్తలో ఒకసారి కూర్చున్నారు కూడా. పొట్లం సగంలో ఉండగా హ్యాచరీ నుంచి మనిషొచ్చాడు. ఆ మిగతా సగం ఇన్నేళ్లూ అలాగే మిగిలి ఉంది.

ఆ సగం కోసమే సుశీల్ కుమార్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

హ్యాచరీలో ఎవరి డ్యూటీ ఎప్పుడనేది అదివరకు గోడ మీద సుద్దతో రాసేవాళ్లు. ఉప్పుగాలికి గోడ చెమర్చి పేర్లు కారిపోయేవి. ల్యాబులో పనిచేసే పెంచలప్రసాద్ ఆ బాధ పడలేక డ్యూటీలన్నీ ఆన్‌లైన్ క్యాలెండరులోకి ఎక్కించాడు. అందరి ఫోన్లలోనూ అదే క్యాలెండరు. బాగానే ఉంది. కానీ అలారం మాత్రం ఆ క్యాలెండరును చూడదు. రెండూ ఒకే ఊళ్లో ఉండి మాటల్లేని దాయాదుల్లాగా ఎవరి పాటికి వాళ్లున్నాయి. వాటిని కలిపితే చాలు, ఆదివారాలు తనవవుతాయని సుశీల్ కుమార్‌కు తోచింది.

అతనికి ప్రోగ్రాములు రాయడం రాదు. రానివాళ్ల కోసమే ఒక సైటు ఉందని భోజనం చేస్తూ చూసే వీడియోల్లో తెలుసుకున్నాడు. తెర మీద ఎడమపక్క ఒక పెట్టె, కుడిపక్క ఒక పెట్టె, మధ్యలో బాణం. ఎడమ పెట్టెలో ఏం జరిగితే కుడి పెట్టెలో ఏం చేయాలో ఎంచుకుంటే సరిపోతుంది. ఒక్క ముక్క కోడ్ రాయనక్కర్లేదు.

"పాలు రాకపోతే అంగట్లో ప్యాకెట్టు తీసుకోమని నువ్వు మస్తానమ్మకు చెప్పిపెట్టలా? అంతే ఇది" అని పెళ్లానికి వివరించాడు. "అలారం వస్తే, క్యాలెండరు చూడు. ఆ టైములో ఎవరి పేరుంటే, నా ఫోనులో ఉన్న వాళ్ల నంబరుకు కొట్టు. ఇదే నేను చెప్పేది."

"మస్తానమ్మ పాలొచ్చిన రోజు గూడా ప్యాకెట్టు తెస్తాది, తెలుసు గదా."

"మిషన్ మస్తానమ్మ కాదులే."

ఆ మాట అన్నందుకు అతను తర్వాత చాలాకాలం మాటలు పడ్డాడు.

జరిగిన పొరపాటు చిన్నదే. ఏ క్యాలెండరు చూడమంటావని సైటు అడిగినప్పుడు, ఫోనులో ఉన్నవన్నీ అని నొక్కాడు. ఫోనులో హ్యాచరీ క్యాలెండరుతో పాటు ఇంటి క్యాలెండరు కూడా ఉంది. ఆనందకుమారి చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శి. ఏ వారం ఎవరింట్లో ప్రార్థనో అందులోనే పెడుతుంది. ముందు ఇంటావిడ పేరు, ఆ తర్వాత "ఇంటి ప్రార్థన" అని.

శుక్రవారం సాయంత్రం మగ్దలీనమ్మ ఇంట్లో ప్రార్థన. చేపల గంప నెత్తిన పెట్టుకుని కావలి బజారుకు పోయి అమ్ముకొచ్చే మనిషి ఆమె. గొంతు బజారు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపిస్తుంది. ఆ రోజు నడిపిస్తున్నది సంఘపెద్ద అబ్రహాము, సుశీల్ కుమార్ మేనమామ. ఆయన ప్రార్థన లోకం పుట్టుక దగ్గర మొదలై, రాజ్యాలు, రాజధానులు, మంత్రులు, కలెక్టరు మీదుగా ఊళ్లో వెలగని వీధి దీపం దాకా వస్తుంది. ఆయన్ని మధ్యలో ఆపినవాళ్లు అంతవరకు లేరు.

సుశీల్ కుమార్ గుమ్మం పక్కన కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నాడు. డ్యూటీ పెంచలప్రసాద్‌ది. బాణం పనిచేస్తోంది. ఇక తన ఫోను మోగదు. నిజంగానే మోగలేదు. మగ్దలీనమ్మ ఫోను మోగింది.

ఆమె బొడ్లో దోపుకున్న ఫోను తీసి చెవిన పెట్టుకుంది. "ఎవురో ఆడమనిషమ్మా, ఇంగిలీషులో మాట్టాడతా ఉంది."

"పెట్టెయ్, లోను వాళ్లు" అంది పక్కనున్నామె.

"లోను వాళ్లయితే తెలుగులో తిడతారే. ఇంగిలీషులో ఎందుకు బతిమాలతారు?" అంటూ మగ్దలీనమ్మ స్పీకరు నొక్కింది.

గది నిండా ఆ గొంతు పరుచుకుంది. అందులో "బ్లోయర్" అన్న మాట వినగానే సుశీల్ కుమార్ ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. అబ్రహాము రాజధానుల దగ్గర ఆగిపోయాడు.

"పిన్నమ్మా, నాలుగు నొక్కబాక" అంటూ సుశీల్ కుమార్ లేచేసరికి ఆమె నొక్కేసింది. ఆ గొంతు థాంక్యూ చెప్పి పెట్టేసింది.

"అడిగింది నాలుగే గదబ్బయా, ఇస్తే పోలా? ఇంతకీ ఏమంటాది?"

"హ్యాచరీలో గాలి ఆగిందంట. నువ్వు చూసుకుంటానన్నావు. ఇంక ఎవురికీ చెయ్యదది."

"నేనన్నానా?" మగ్దలీనమ్మ కొంగు బిగించింది. "ఐతే పదండి. మాటిచ్చినాక కూసుంటే ఎట్టా?"

సుశీల్ కుమార్ మోపెడ్ ఎక్కి ముందు పోయాడు. వెనక కట్ట మీద మగ్దలీనమ్మ, ఆమె వెనక స్త్రీల సమాజం, అందరికన్నా వెనక బైబిలు చంకన పెట్టుకుని, వదిలిన చోట ప్రార్థన మళ్లీ అందుకున్న అబ్రహాము. హ్యాచరీలో తొట్ల మీద బుడగలు ఆగిపోయి నీళ్లు అద్దంలా ఉన్నాయి. పెంచలప్రసాద్ ల్యాబు తలుపు మూసుకుని సూక్ష్మదర్శినిలోకి వంగి ఉన్నాడు. ఏదైనా జరిగితే ఫోను వస్తుంది గదా అన్న ధీమాతో పక్కనే ఫోను పెట్టుకుని మరీ ఉన్నాడు. సుశీల్ కుమార్ రెండో బ్లోయరు వేశాడు. తొట్లు ఒక్కొక్కటే మళ్లీ బుసబుసలాడాయి. కట్ట దిగి అప్పుడే వచ్చిన అబ్రహాము ఆ చప్పుడు విని ఆమెన్ అన్నాడు.

మర్నాడు హజరత్తయ్య రిపోర్టు చూసుకుని సుశీల్ కుమార్‌ను పిలిపించాడు.

"ఎవరయ్యా ఈ మగ్దలీనమ్మ? కొత్త ఇంజినీరా? మీరెవరూ ఇంత తొందరగా ఫోనెత్తిన పాపాన పోలేదే."

సంగతంతా విని ఆయన చాలాసేపు నవ్వాడు. హ్యాచరీ పేరున్న నీలం టోపీ ఒకటి ఆమెకు పంపించాడు. మగ్దలీనమ్మ దాన్ని పెట్టుకుని, దాని మీద చుట్టకుదురు, దాని మీద గంప పెట్టుకుని బజారుకు పోయేది. ఎవరైనా చేప మెత్తబడిందంటే, "నేను హ్యాచరీ మనిషిని, నాకు చెప్తావా" అనేది.

సుశీల్ కుమార్ ఇంటి క్యాలెండరును విడదీసి బాణం సరిచేశాడు. ఆ తర్వాత అలారం ఎప్పుడూ తప్పు ఇంటికి పోలేదు. ఎవరి డ్యూటీ వాళ్లకు మోగేది. ఆదివారాలు ఖాళీ అయ్యాయి. ఆనందకుమారి వేరుశనక్కాయలు కూడా తెచ్చి పెట్టుకుంది.

కానీ అబ్రహాము ఊరుకోలేదు. తన ప్రార్థన మధ్యలో ఆగడం, తొట్లు దక్కడం, రెండూ ఒకే సాయంత్రం జరగడం ఆయనకు ఊరికే జరిగినట్టు అనిపించలేదు. కృతజ్ఞతగా ఇక మీదట ప్రతి ఆదివారం సాయంత్రం తన ఇంట్లోనే ప్రార్థన పెడతానన్నాడు. మేనల్లుడూ, కోడలూ ముందు వరసలో ఉండాలన్నాడు.

మేనమామ మాట అతను తీసెయ్యలేడని ఆనందకుమారి అనుకుంది. సమాజం కార్యదర్శి ప్రార్థన ఎగ్గొట్టదని సుశీల్ కుమార్ అనుకున్నాడు. ఒకరి కోసం ఒకరు తయారై పోయేవాళ్లు.

విచిత్రమేమంటే, ఆ ఆదివారాల్లో అతని ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది. వరసగా ప్రతి ఆదివారమూ మోగేది. అబ్రహాము మంత్రుల దగ్గరికి వచ్చేసరికి జేబులో గణగణలాడేది. సుశీల్ కుమార్ బయటికి తీసి నాలుగు నొక్కి, మామ చెవిలో "గాలి ఆగింది మామా" అని, తల వంచుకుని వెళ్లిపోయేవాడు. అబ్రహాము ఆ బ్లోయరును కూడా ప్రార్థనలో కలిపేవాడు. దాంతో అది ఇంకాస్త పెరిగేది. ఆనందకుమారి కళ్లు మూసుకుని కలెక్టరును దాటి వీధి దీపం దాకా కూర్చునేది.

చీకటి పడ్డాక అతను చెప్పుల నిండా ఇసుకతో, చేతిలో వేరుశనక్కాయల పొట్లంతో వచ్చేవాడు.

"బాగయిందా?"

"అయింది."

"ఆదివారం నీ డ్యూటీ కాదంటివే."

"మిషన్‌కు ఆదివారమని ఏం తెలుసు?"

"నీ బాణం తిరగబడినట్టుంది. ఒకసారి చూసుకో" అందొకసారి. అతనికి పొలమారింది. నీళ్లు తాగి, చూస్తానన్నాడు. హజరత్తయ్యతో తానే మాట్లాడతానని ఆమె అంటే మాత్రం గబగబా వద్దన్నాడు.

అతను పోవడానికి ముందురోజు, బుధవారం సాయంత్రం, ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. ఆమె చింతపండులో పిక్కలు తీస్తోంది.

"నీ పనే బాగుందయ్యా. నీకన్నా అలారముంది. నేను ఆ వీధి దీపం దాకా కూర్చోవాల. నాకు గూడా ఎవరన్నా ఒక అలారం కొడితే బాగుండు."

సుశీల్ కుమార్ ఆమె వైపు తిరిగాడు. "ప్రార్థనంటే నీకు ఇష్టం గదా?"

"ప్రార్థన ఇష్టమే. మీ మామ ప్రార్థన గాదు. నువ్వు నొచ్చుకుంటావని పోతా ఉండా."

అతను ఒక చింతపిక్క తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత సంబంధం లేకుండా అడిగాడు.

"నీ ఫోను గట్టిగానే మోగతాదా?"

"గ్లాసులో పెడితే మోగతాది."

నవ్వుకుంటూ లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. హ్యాచరీ పనేమో అనుకుని ఆమె వంటింట్లోకి పోయింది.

శుక్రవారం సమాధి చేశారు. ఇంట్లో ఒకటే ఫోన్ల మోత. ఎలా జరిగిందని అడిగిన ప్రతి ఒక్కరికీ దోసె దగ్గర నుంచి చెప్పుకు రావాల్సి వచ్చేది. కూతురు ఫ్లోరా అది చూడలేక శనివారం అమ్మ ఫోను ఆపేసి బీరువాలో పెట్టింది. ఆదివారం సాయంత్రం అబ్రహాము తన ఇంట్లో కాకుండా వీళ్లింటికే వచ్చి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన రాజ్యాల దాకా కూడా పోలేకపోయాడు. మగ్దలీనమ్మ నీలం టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

జ్ఞాపకార్థ కూడిక కూడా అయిపోయాక ఒక మధ్యాహ్నం పెంచలప్రసాద్ వచ్చాడు. హ్యాచరీలో ఉండిపోయిన టెస్టరు, స్క్రూడ్రైవర్లు, కళ్లజోడు సంచీలో వేసి తెచ్చాడు. ఆనందకుమారి మజ్జిగ ఇచ్చింది.

"అలారం సంగతి ఇప్పుడు నువ్వే చూస్తా ఉండావా?" అని అడిగింది.

"నేనేనక్కా. అన్న పెట్టిపోయినట్టే నడస్తా ఉంది. ఆదివారం టెస్టు ఒక్కటే ఆపేసినాను."

"ఏం టెస్టు?"

"అన్న ప్రతి ఆదివారం సాయంత్రం ఒకసారి అలారం మోగించి చూసుకునేవాడు గదక్కా. సెలవు రోజు గూడా పని మరవడని ఓనరు మా అందరికీ చెప్తా ఉంటాడు."

ఆనందకుమారి చేతిలో ఉన్న మజ్జిగ చెంబు కింద పెట్టింది. "టెస్టు అయినాక అక్కడికి వచ్చేవాడా?"

"హ్యాచరీకా? ఆదివారం అన్న ఎందుకొస్తాడక్కా?"

"మరి గాలి ఆగేది గదా."

"గాలి ఎప్పుడాగింది?" పెంచలప్రసాద్ తికమకపడ్డాడు. "నేను గూడా ఈ మధ్యే చూసినాను. హ్యాచరీ వైపు నుంచి రాదది. మీ ఇంటి క్యాలెండరులో టైము పెట్టుకున్నాడు. ఆ టైము కాగానే అలారానికి పోయేట్టు ఇంకొక బాణం. మామూలు బాణం అలారం నుంచి క్యాలెండరుకు, ఇది క్యాలెండరు నుంచి అలారానికి."

ఆమెకు ముందు మంత్రులు గుర్తొచ్చారు. మంత్రుల దగ్గర గణగణలాడిన జేబు గుర్తొచ్చింది. తల వంచుకుని వినయంగా వెళ్లిపోయే వీపు, చీకటి పడ్డాక తిరిగొచ్చే ఇసుక చెప్పులు, వేరుశనక్కాయలు గుర్తొచ్చాయి. ఆనందకుమారి నవ్వడం మొదలుపెట్టింది. గుమ్మం పట్టుకుని నవ్వింది. లోపలున్న ఫ్లోరా ఏమయిందోనని పరిగెత్తుకొచ్చింది.

"మీ నాయన అబ్రహాము మామ కాడి నుంచి పారిపోడానికి మిషన్ పెట్టుకున్నాడమ్మే" అంది, కళ్లు తుడుచుకుంటూ. "నన్ను ఆడనే వదిలేసి పడవల కాడ కూసుని కాయలు తిన్నాడు. వస్తావా అని ఒక్క మాట అడిగుంటే ముందు నేనే లేద్దును."

పెంచలప్రసాద్ కూడా నవ్వాడు. తర్వాత మజ్జిగ గ్లాసు అంచు తుడుస్తూ అన్నాడు.

"ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదక్కా. ఆ టెస్టు ఎప్పుడూ అన్న ఫోనుకొక్కదానికే పోయేది. ఎత్తేవాడు, అయిపోయేది. అన్న పోయినాక వచ్చిన ఆదివారం ఎవరూ ఎత్తక, డ్యూటీలో ఉండానని చివరికి నాకొచ్చింది. నేను పరిగెత్తుకుంటా పోయి చూస్తే బ్లోయరు బాగానే ఉంది. అప్పుడు తెరిచి చూసినాను. దాన్ని బుధవారం సాయంత్రం మార్చినాడు."

"ఏమని?"

"ఇద్దరికీ మోగేట్టు. ముందు నీకు, తర్వాత అన్నకు."

ఆ ఆదివారం సాయంత్రం అబ్రహాము ప్రార్థన మొదలుపెట్టిన కాసేపటికి, సుశీల్ కుమార్ పెట్టిన అలారం మొదట ఆనందకుమారి ఫోనుకే చేసింది. ఫోను బీరువాలో ఆపేసి ఉంది.